విశ్రాంతి విభాగం

మా బావకి ఒక మాటంటే భయం. పామంటే భయపడేవాళ్ళని చూశాను, పెళ్ళామంటే భయపడేవాళ్ళని ఇంటింటా చూశాను. మాటంటే భయపడే మనిషిని మాత్రం మా అక్క మొగుడిలోనే చూశాను. ఆ మాట "మూయడం". ఆయన ప్రభుత్వ గొడుగుల ఫ్యాక్టరీకి డైరెక్టరు. నేను అదే ఫ్యాక్టరీలో మూత విభాగానికి పెద్దని. ఇక మా తంటా ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

గొడుగు చేసేది రెండే పనులు, తెరుచుకోవడం, మూసుకోవడం. అందుకే మా చివరి హాల్లో రెండు విభాగాలు. తెరుపు విభాగంలో మగవాళ్ళు గొడుగు తెరిచి, ఊచలు సరిగ్గా ఉన్నాయా, గుడ్డ బిగువుగా ఉందా అని చూసి మావైపు తోస్తారు. మేం ఎనిమిదిమంది ఆడవాళ్ళం దాన్ని మూసి, మడతలు ఒకదాని మీద ఒకటి పడేలా అరచేత్తో నిమిరి, పట్టీ చుట్టి, గుండీ పెట్టి, ఒరలో దూరుస్తాం. తెరవడానికి బొటనవేలు చాలు. మూయడానికి ఓపిక కావాలి. ఈ మాట తెరుపు మేస్త్రీతో అంటే నవ్వుతాడు. ఇంట్లో బీరువా ఎవరు సర్దుతారో అడిగితే నవ్వడం ఆపేస్తాడు.

బావ భయానికి కారణం లేకపోలేదు. ఇక్కడికి రాకముందు ఆయన ప్రభుత్వ లాంతర్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒకరోజు మధ్యాహ్నం క్షవరం చేయించుకుని తిరిగొచ్చేసరికి గేటుకి తాళం, తాళానికి సీలు. "మూసేశారండీ" అన్నాడు కాపలా మనిషి. కుర్చీకి తగిలించిన కోటు లోపలే ఉండిపోయింది. కోటు జేబులో కళ్ళజోడు. ఇప్పటికీ ఆ కళ్ళజోడు సంగతి చెబుతుంటే బావ గొంతు బొంగురుపోతుంది. నేను ప్రతిసారీ పకపకా నవ్వుతాను. ఆ తర్వాత ఇంటికెళ్ళి ఆయన మీద జాలిపడతాను. మరదలిగా పుట్టినందుకు రెండూ చెయ్యాలి కదా.

ఈ గొడవంతా దేశాలు పోట్లాడుకోవడంతో మొదలైంది. ఉమ్మడి వంటింట్లో తోడికోడళ్ళలా రెండు పెద్ద దేశాలు పేచీ పెట్టుకున్నాయి. ఒకరు రెండోవారి మేకుల మీద సుంకం వేశారు. ఆ రెండోవారు మొదటివారి గుండీల మీద వేశారు. మధ్యలో మా దేశానికీ రోషం పొడుచుకొచ్చింది. మనమేం తక్కువ తిన్నామా అనుకుని, బయటినుంచి వచ్చే ప్రతిదాని మీదా సుంకం వేసి, ఇకమీదట మన చెప్పులు మనమే, మన సూదులు మనమే, మన గొడుగు మనమే తయారుచేసుకుంటామని ప్రకటించింది. "మన గొడుగు కింద మనం" అని వీధి వీధికీ బోర్డులు వెలిశాయి. ఆ మన గొడుగుని తయారుచేసే భాగ్యం మా ఫ్యాక్టరీకి దక్కింది.

భాగ్యం బాగానే ఉంది, నాలుకతోనే వచ్చింది చిక్కు. గొడుగు కర్రలో చిన్న స్ప్రింగు ముక్క ఉంటుంది. తెరిచినప్పుడు టక్కున బయటికొచ్చి గొడుగుని నిలబెడుతుంది. వేలితో నొక్కితే లోపలికిపోయి గొడుగు మూసుకుంటుంది. దాన్నే మేం నాలుక అంటాం. గొడుగులో అన్నీ మనవే కానీ ఆ నాలుక మాత్రం పొరుగు పెద్ద దేశం నుంచి వచ్చేది. ఇప్పుడు దాన్ని రానివ్వకూడదు. కాబట్టి ప్రభుత్వ ఉక్కు కర్మాగారానికి పురమాయించారు. వాళ్ళు వంతెనలకు దూలాలు పోసేవాళ్ళు. పాపం, వాళ్ళకి చేతనైనట్టే చేసి పంపారు. ఆ నాలుక మీద రైలు నడిపించొచ్చు.

సరిగ్గా అప్పుడే ఇంకో పుకారు లేచింది. మన గొడుగు గనక కుదరకపోతే ఫ్యాక్టరీని మూసేస్తారట. క్యాంటీన్లో అదే మాట, సైకిల్ స్టాండు దగ్గర అదే మాట. బావకి తిండి సయించడం మానేసింది. ఒకరోజు పొద్దున్నే అందర్నీ ఆవరణలో నిలబెట్టి, ఇకనుంచి ఫ్యాక్టరీలో "మూయు" అనే మాటగానీ, దాని పిల్లలుగానీ, దాని చుట్టాలుగానీ ఎవరి నోటా రాకూడదన్నాడు.

"మరి గొడుగుని ఏం చేస్తాం సార్?" అని అడిగాను. ఫ్యాక్టరీలో ఆయన నాకు సారు.

"విశ్రాంతి ఇస్తాం" అన్నాడు. "పాపం, ఎండలో వానలో పనిచేసి వస్తుంది. విశ్రాంతి ఇస్తాం. మీది ఇవాళ్టి నుంచి విశ్రాంతి విభాగం."

ఆ సాయంత్రానికే మా హాలు గుమ్మం మీద పాత బోర్డు తీసేసి, గజం పొడుగు అక్షరాలతో "విశ్రాంతి విభాగం" అని కొత్త బోర్డు వేలాడదీశారు. దారినపోయేవాళ్ళు తొంగిచూసి, లోపల మంచాలున్నాయా అని అడిగేవాళ్ళు.

ఇక ఫ్యాక్టరీలో మాట్లాడటం గగనమైపోయింది. క్యాంటీన్ వంటమనిషి గిన్నెల మీద మూతల్ని "గిన్నె టోపీలు" అన్నాడు. మేస్త్రీకి కోపమొస్తే "నోటికి విశ్రాంతి ఇవ్వవయ్యా!" అని అరిచేవాడు. అలా తిట్టించుకున్నవాడికి తిట్టారో మర్యాద చేశారో తెలిసేది కాదు. టైమాఫీసు గుమాస్తా మరీ జాగ్రత్తపరుడు. ఎందుకైనా మంచిదని "మూడు" కూడా మానేశాడు. మూడో నంబరు గేటు కాస్తా రెండుకీ నాలుగుకీ మధ్య గేటయింది. గుడ్డ కత్తిరించే ఆయన మామగారు కన్ను మూస్తే సెలవు కోసం వచ్చి, "మా మామగారు కన్నుకి విశ్రాంతి ఇచ్చారండీ" అన్నాడు. బావ వెంటనే సెలవు ఇచ్చి, "మళ్ళీ ఎప్పుడు లేస్తారు?" అని అడిగాడు.

ఇంట్లోనూ ఇదే వరస. తలుపు వెయ్యమని అక్క అడగాలంటే తలుపుకి విశ్రాంతి ఇవ్వమనాలి. అక్క సహనవంతురాలు కాబట్టి సరిపోయింది. నేనైతే తలుపుకి కాదు, మొగుడికే ఇచ్చేదాన్ని.

కొత్త నాలుకలు వచ్చాయి. తెరుపు విభాగం వాళ్ళు మొదటి విడత గొడుగులు తెరిచారు. టక్కుమని నాలుక బయటికొచ్చింది, గొడుగు రాజాలా నిలబడింది. మా దగ్గరికి వచ్చాక నేను వేలితో నొక్కాను. లోపలికి పోలేదు. రెండు చేతులతో నొక్కాను. పోలేదు. మా అందరిలో పెద్దది, మేం పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, చీపురు కర్రతో కొట్టింది. చీపురు విరిగింది. నాలుక మాత్రం మమ్మల్ని వెక్కిరిస్తున్నట్టు బయటే ఉంది.

పరుగున బావ గదికి వెళ్ళాను. గదిలో ఇంకో ఇద్దరు అధికారులున్నారు. ఆ మాట అనడానికి వీల్లేదు కదా. అందుకని ఒళ్ళంతా బిగబట్టుకుని చెప్పాను. "సార్, కొత్త గొడుగు విశ్రాంతి తీసుకోవడం లేదు సార్."

బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ముఖం వెలిగిపోయింది. "విన్నారా?" అన్నాడు అధికారులతో. "విశ్రాంతి తీసుకోదట! అదీ మన గొడుగంటే! బయటి గొడుగులు అలసిపోతాయి, మనది అలసిపోదు."

"అది కాదు సార్. ఎంత నొక్కినా విశ్రాంతికి ఒప్పుకోవడం లేదు."

"శభాష్!"

"అస్సలు ఒప్పుకోవడం లేదు సార్!"

"శభాష్, శభాష్!" అన్నాడు. అధికారుల్లో ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. నాకు ఏడవాలో గోడకి తల బాదుకోవాలో తెలియలేదు. ఇక చేసేదేం లేక, తెరిచిన గొడుగులన్నీ తాళ్ళు కట్టి హాలు పైకప్పుకి వేలాడదీశాం. బావ వచ్చి చూసి, కొత్త గొడుగు చూడటానికి రాబోతున్న మంత్రిగారి కోసం భలే అలంకరణ చేశారే అని మెచ్చుకున్నాడు.

ఆ రోజు సాయంత్రం అక్క వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు ఎలాగైనా చెప్పాలనుకున్నాను. ఇంట్లో ఆయన నాకు బావే.

"బావా, నే చెప్పేది కాస్త చెవిన వేసుకో. ఆ గొడుగు మూ..."

"అన్నం ముందు ఆ మాటా?" అంటూ రెండు చెవులూ అరచేతులతో కప్పుకున్నాడు. కంచంలోని కూర ఒక చెవికి అంటింది. చేతులు దించాక ఆయనే నీళ్ళు నములుతూ అసలు సంగతి బయటపెట్టాడు. "నీకో మాట చెప్పాలి మరదలా. కోప్పడకు. పైనుంచి కొత్త ప్రణాళిక వచ్చింది. అందులో తెరిచిన గొడుగులకే లెక్క. ఎన్ని తెరిస్తే దేశం అంత ముందుకు వెళ్ళినట్టట. విశ్రాంతికి పద్దే లేదు. వచ్చే నెల నుంచి మీ విభాగం..."

"మా విభాగం?" అన్నాను.

"ఉండదు" అన్నాడు నేలకేసి చూస్తూ.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పెద్దమ్మకి ఇంకెక్కడ పని దొరుకుతుంది? మాలో అందరికన్నా పొడుగావిడ జీతం మీద ఇంట్లో అయిదుగురు బతుకుతున్నారు. నా సంగతి సరే, అక్క ఇంట్లో ఓ మూల పడుంటాను. వాళ్ళేం కావాలి? "నేనేం చెయ్యను, ప్రణాళిక" అన్నాడు బావ. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంతో లేచి వచ్చేద్దామనుకున్నాను. ఆయన చెవికి అంటుకున్న కూర చూసి లేవలేకపోయాను.

మంత్రిగారు వచ్చారు. ఆయన కోసం ప్రత్యేకంగా పెద్ద గొడుగు తయారుచేశారు, గుడ్డ మీద దేశపటం అచ్చువేసి. దేశపటం ఉంది కాబట్టి దాన్ని నేలమీద పెట్టకూడదు, తలకిందులు చెయ్యకూడదు, ఎవరూ వెనక్కి వంచకూడదు. టీవీ వాళ్ళు తీస్తుండగా మంత్రిగారు బొటనవేలు నొక్కారు. టక్. గొడుగు తెరుచుకుంది. చప్పట్లతో హాలు మారుమోగిపోయింది.

బావ స్వాగత ప్రసంగంలో మా ఫ్యాక్టరీ గొప్పలన్నీ చెప్పి, ఒక పాడుమాటని ఆవరణలోంచి ఎలా తరిమేశాడో కూడా చెప్పాడు. మంత్రిగారికి అది తెగ నచ్చేసింది. మైకు లాక్కుని, "అద్భుతం! ఈ క్షణం నుంచి నా శాఖ కింద ఏ ఫ్యాక్టరీలోనూ, ఏ ఆఫీసులోనూ ఆ మాట వినిపించడానికి వీల్లేదు! అన్నవాడి ఉద్యోగం ఊడుతుంది!" అన్నారు. మళ్ళీ చప్పట్లు.

అప్పటిదాకా బానే ఉంది. తర్వాత మంత్రిగారు గొడుగుని దించబోయారు. నొక్కారు. నవ్వుతూ నొక్కారు. నవ్వు తగ్గించి నొక్కారు. నవ్వు పూర్తిగా పోయాక కార్యదర్శిగారి చేతికి ఇచ్చారు. కార్యదర్శి సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో ఉండే మనిషి. ఆయన నొక్కాడు, బావ నొక్కాడు, తెరుపు మేస్త్రీ నొక్కాడు. గొడుగు ఎవరి మాటా వినలేదు. టీవీ వాళ్ళు మాత్రం తీస్తూనే ఉన్నారు.

అలాగే ఊరేగింపుగా బయటికి నడిచారు. ఆ పెద్ద గొడుగు గుమ్మంలోంచి రావడానికి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి, ఒక రెక్క ఊడదియ్యాల్సి వచ్చింది. కారు దగ్గర మళ్ళీ చిక్కు. గొడుగుతో కార్లో ఎక్కలేరు, గొడుగుని నేలమీద పెట్టలేరు. మంత్రిగారు టీవీ వైపు ఒకసారి నవ్వి, గొడుగుని కార్యదర్శికి వదిలేసి కారెక్కారు. అద్దం కొంచెం దించి, పళ్ళు బిగించి బావతో అన్నారు. "దీనికి విశ్రాంతి ఇవ్వండి. శాశ్వతంగా. రేపటికల్లా."

కారు వెళ్ళిపోయింది. వాన మొదలైంది.

బావ ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆయనకి అర్థమైపోయింది. లాంతర్ల ఫ్యాక్టరీ గేటు బయట, క్షవరం చేసిన తలతో, లోపల కళ్ళజోడు వదిలేసి నిలబడ్డ మనిషి ఎలా ఉండి ఉంటాడో ఆ రోజు మొదటిసారి నా కళ్ళతో చూశాను. నాకు నవ్వు రాలేదు.

మెట్ల మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ కార్యదర్శి చెయ్యి మార్చుకుంటూ గొంతు సవరించుకున్నాడు. "డైరెక్టరు గారూ, విన్నారుగా. రేపటికల్లా ఈ ఫ్యాక్టరీకి..." అని ఆగిపోయాడు. పక్కనే టీవీ మనిషి వైర్లు చుట్టుకుంటున్నాడు. వినబడేంత దూరంలోనే ఉన్నాడు. "ఈ ఫ్యాక్టరీకి... విశ్రాంతి."

నేనేదో తెలివిగా ఆలోచించి అన్నానని మా పెద్దమ్మ ఊరంతా చెబుతుంది. నమ్మకండి. ఎటు చూడాలో తెలియక పైకి చూశాను, గుమ్మం మీద బోర్డు కనబడింది. అనేశాను, అంతే.

"విశ్రాంతి అంటే మేమే సార్. అదిగో బోర్డు."

"మీరు కాదమ్మా" అన్నాడు కార్యదర్శి. "ఫ్యాక్టరీకి విశ్రాంతి ఇవ్వమన్నారు మంత్రిగారు."

"అవును సార్. శాశ్వతంగా ఇవ్వమన్నారు. అంటే ఫ్యాక్టరీకి శాశ్వతంగా విశ్రాంతి విభాగం ఇవ్వమన్నట్టేగా?"

బావ నా వైపు తిరిగాడు. ఒక్క క్షణం అయోమయంగా చూశాడు. తర్వాత మునిగిపోతున్నవాడు తాడు పట్టుకున్నట్టు ఆ మాటని పట్టుకున్నాడు. "అంతే! అంతే సార్! నేనూ అలాగే విన్నాను! రేపటికల్లా శాశ్వతం చేసేస్తాం!"

"కాదయ్యా బాబూ! మంత్రిగారి ఉద్దేశం అది కాదు. ఆయన ఉద్దేశం..."

"ఏంటి సార్ ఆయన ఉద్దేశం?" అంటూ టీవీ మనిషి వైర్లు కింద పడేసి మైకు తెచ్చి ఆయన మూతి ముందు పెట్టాడు. "చెప్పండి, లైవులో ఉన్నాం."

కార్యదర్శి నోరు తెరిచాడు. చెప్పడానికి ఉన్నది ఒకే ఒక్క మాట. ఆ మాట అన్నవాడి ఉద్యోగం ఊడుతుందని అదే మైకులో, అదే టీవీలో, ఇంతకు ముందే మంత్రిగారు చెప్పి వెళ్ళారు. ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. వాన జల్లు ఇస్త్రీ చొక్కా మీద పడుతోంది. చేతిలో గొడుగు గాలికి అటూ ఇటూ లాగుతోంది. ఆయన బోర్డు వైపు చూశాడు. మా ఎనిమిదిమంది వైపూ చూశాడు. పెద్దమ్మ ఎందుకైనా మంచిదని దణ్ణం పెట్టింది.

"మంత్రివర్యులు" అన్నాడు చివరికి, నీరసంగా, "ఈ ఫ్యాక్టరీలో విశ్రాంతి విభాగాన్ని శాశ్వతం చేశారు."

మా పొడుగావిడ నన్ను వాటేసుకుని భోరుమంది. నేనూ ఏడ్చాను. ఎందుకు దాచాలి?

"ఇంక దీన్ని ఎవరైనా పుచ్చుకోండమ్మా, మీకు పుణ్యముంటుంది" అన్నాడు కార్యదర్శి. మేం ఆయన్ని మెట్ల మీదే కూర్చోబెట్టి, గొడుగుని పైకి ఎత్తిపట్టుకుని, నాలుకని పటకారుతో పట్టి ఆకురాయితో అరగదీశాం. అందరం వంతులవారీగా, చేతులు లాగేదాకా. ఆఖరికి పెద్దమ్మ నొక్కితే టక్కుమని లోపలికి పోయింది. మడతలు నిమిరి, పట్టీ చుట్టి, గుండీ పెట్టి ఇచ్చాను. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని వానలో తడుస్తూ వెళ్ళాడు. తెరవమని మేమెవరం అడగలేదు. ఆయనా తెరవలేదు.

ఆ వార్త టీవీలో రావడంతో మంత్రిగారికి ఒప్పుకోక తప్పలేదు. పైగా ఆలోచన తనదేనన్నారు. ఉక్కు కర్మాగారం నాలుకల్ని అరగదీసే పని కూడా మాకే అప్పగించారు కాబట్టి ఇప్పుడు మాకు ఊపిరాడనంత పని. మన దేశం పనివాళ్ళకి విశ్రాంతి విభాగం పెట్టి గొడుగులు చవగ్గా అమ్ముతోందని, ఇది అన్యాయమని ఒక పెద్ద దేశం మా గొడుగుల మీద సుంకం వేసింది. మేం ఇంకా ఒక్క గొడుగు కూడా బయటికి పంపలేదు.

ఆ వాన రోజే రాత్రి భోజనాలకి అందరం అక్క వాళ్ళింట్లో చేరాం. గాలి విసురుకి జల్లు లోపలికి కొడుతోంది.

"ఏవండీ, ఆ కిటికీకి కాస్త విశ్రాంతి ఇద్దురూ" అని అక్క వంటింట్లోంచి కేకేసింది.

బావ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, రెక్క పట్టుకుని, అలాగే నిలబడిపోయాడు. నా వైపు చూశాడు. "మూసేస్తున్నానే" అన్నాడు గట్టిగా.

అక్క గరిటె పట్టుకునే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ముగ్గురం కాసేపు ఊపిరి బిగబట్టి చూశాం. ఏమీ కాలేదు. బావ కిటికీ మూసి, గొళ్ళెం పెట్టి, వచ్చి మళ్ళీ కంచం ముందు కూర్చున్నాడు. "ఇంకొంచెం కూర వెయ్యి" అన్నాడు.